చెస్‌లో గట్టిగా ఎదగాలంటే సాధన ఎలా చేయాలి

ఆన్‌లైన్‌లో వేలకొద్దీ గేములు ఆడి, ఓపెనింగుల (గేమ్ మొదటి ఎత్తుల) వీడియోలు వరసపెట్టి చూసి కూడా ఏళ్ల తరబడి ఒకే రేటింగ్ దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. తెలివి తక్కువై కాదు, కష్టపడక కూడా కాదు. చెస్ గేమ్ అంటే ఒకదాని వెనక ఒకటిగా నలభై యాభై నిర్ణయాలు. ఒక్కోటీ గడియారం నడుస్తుండగా, పక్కన ఎవరి సాయమూ లేకుండా తీసుకోవాలి. వీడియో చూస్తున్నప్పుడు ఆ నిర్ణయం మీ తరఫున ఇంకొకరు తీసుకుంటారు. ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) పెట్టుకుని గేమ్ తిరగేస్తుంటే కంప్యూటర్ తీసుకుంటుంది. అలా గడిపిన గంటల్లో చాలా విషయాలు తెలుస్తాయి గానీ, సొంతంగా తేల్చుకోవడం మాత్రం అలవాటు కాదు.

అందుకే సాధన మొత్తానికీ ఒక్క నియమం పెట్టుకోండి. ముందు మీరే ఆలోచించి ఒక ఎత్తు తేల్చుకోవాలి, దాన్ని కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే జవాబు చూడాలి. ఎత్తులన్నీ వచ్చి, నాలుగైదు టోర్నమెంట్లు ఆడి, ఇక దీన్ని సీరియస్‌గా తీసుకుందాం అనుకుంటున్న వాళ్లను దృష్టిలో పెట్టుకుని కింది సంగతులు రాస్తున్నాను.

ముందు మీ ఓటములు లెక్క తేల్చండి

మీరు ఆడిన చివరి ఇరవై పెద్ద గేములు బయటికి తీయండి. పెద్ద గేమ్ అంటే ఒక్కొక్కరికి కనీసం గంట సమయం ఉన్నది. బ్లిట్జ్, బుల్లెట్ లాంటి కొద్ది నిమిషాల గేములు ఇందులో కలపొద్దు. అసలు పెద్ద గేములే లేకపోతే ఈ పని ఆపి, ముందు వాటిని ఆడండి. చూడటానికి సరుకు లేకుండా లోపం ఎక్కడుందో తెలియదు.

ఓడిన ప్రతి గేమ్‌కూ, గెలవాల్సింది డ్రా అయిన ప్రతి గేమ్‌కూ కారణం ఒక్క వాక్యంలో రాయండి. ఒక్క ఎత్తులో పావు పోగొట్టుకున్నానా? ప్రత్యర్థి టాక్టిక్ (పావు గెలుచుకునే చిన్న ఎత్తుగడ) చూడలేదా? టైమ్ ట్రబుల్‌లో పడ్డానా? ఏం చేయాలో తోచక పావులు అటూ ఇటూ జరిపానా? ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన చివరి దశ) రాలేదా? ఓపెనింగ్‌లోనే దెబ్బతిన్నానా? ఒక్కో గేమ్‌కు ఒక్క కారణమే రాయండి, అన్నిటికంటే పెద్దది.

ఇరవై అయ్యాక లెక్కపెడితే ఎక్కువమందికి మొదటి మూడు కారణాలే పైన తేలతాయి. ఓపెనింగ్ వల్లే ఓడానని గట్టిగా నమ్మిన గేముల్లో కూడా పదిహేనో ఎత్తు దగ్గర ఇద్దరి పరిస్థితీ సమానంగానే ఉండి, అసలు తప్పు ఆ తర్వాత జరిగి ఉంటుంది. ఈ లెక్క చూడకుండా ఎవరో ఇచ్చిన ట్రైనింగ్ ప్లాన్ పట్టుకోవడం దండగ.

సొంత గేముల విశ్లేషణ

నా దృష్టిలో మిగతా సాధన అంతా ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. 1948లో ప్రపంచ చాంపియన్ అయిన మిఖాయిల్ బోత్విన్నిక్ జీవితమంతా పట్టుకున్న పద్ధతి ఇదే. తన గేములను తనే నిర్దాక్షిణ్యంగా విశ్లేషించి అచ్చు వేయించేవాడు, తప్పుంటే చదివినవాళ్లు పట్టుకుంటారని. తర్వాత ప్రపంచ చాంపియన్లయిన కార్పోవ్, కాస్పరోవ్, క్రామ్నిక్ ముగ్గురూ ఆయన స్కూల్లో కూర్చున్నవాళ్లే.

గేమ్ అయిన రోజునే, తల వేడిగా ఉండగానే, స్కోర్‌షీట్ ముందు పెట్టుకుని కూర్చోండి. ఇంజిన్ వద్దు. ఏ ఎత్తు దగ్గర ఏం ఆలోచించారో, ఏం భయపడ్డారో, ఎన్ని నిమిషాలు ఖర్చయ్యాయో గుర్తున్నంత వరకు రాయండి. రాత ఇలా ఉంటే చాలు (డి1 లాంటివి గడుల పేర్లు, అక్షరం నిలువు వరసను, అంకె అడ్డ వరసను చెబుతాయి): "18వ ఎత్తు, రూక్ డి1కి. 14 నిమిషాలు తీసుకున్నాను. అతని నైట్ ఎఫ్4కి వస్తుందని టెన్షన్. ఆ నైట్‌ను బిషప్‌తో కొట్టేయొచ్చని తట్టనే లేదు." ఈ మాటలు ఏ ఇంజిన్ దగ్గరా దొరకవు. ఎత్తు తప్పని అది చెబుతుంది. ఆ ఎత్తు మీరెందుకు వేశారో చెప్పలేదు. దిద్దుకోవాల్సింది ఆ ఎందుకునే.

మర్నాడు మళ్లీ కూర్చుని గేమ్ మలుపు తిరిగిన రెండు మూడు చోట్లు మీరే గుర్తుపట్టండి. ఒక్కో చోట బోర్డు మీద పావులు పేర్చి, మంచి ఎత్తు ఏదై ఉండాలో అరగంట వెతికి, లైన్లు (ఇద్దరూ వేయగల వరస ఎత్తులు) రాయండి. వీలైతే ఆడిన ప్రత్యర్థితోనే కూర్చోండి. అతను బోర్డు అవతల నుంచి ఏం చూశాడో వింటే ఆశ్చర్యపోతారు. మీరు వణికిపోయిన దాడిని అతను అసలు చూసి ఉండడు, మీరు పట్టించుకోని బంటు అతనికి నిద్ర పట్టనివ్వకుండా చేసి ఉంటుంది.

ఇంత అయ్యాక స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ తెరవండి. ఉచితమే. మీరు రాసిన లైన్లు ఒక్కొక్కటీ దానికి చూపించండి, అది కాదన్న చోట వెంటనే తలూపేయకండి. మీ ఎత్తునే బోర్డు మీద వేసి, అది ఎలా జవాబిస్తుందో రెండు మూడు ఎత్తులు లాగి చూడండి. కారణం మాటల్లో చెప్పగలిగేదాకా వదలొద్దు. బంటు విలువ 1 అనుకుంటే, 0.3 లాంటి తేడాలు పట్టించుకోనవసరం లేదు. ఒక బంటు విలువ దాటి తేడా వచ్చిన చోట్లు చూస్తే సరిపోతుంది.

ఒక గేమ్‌కు ఇలా రెండు గంటలు పడుతుంది. అంత ఓపిక లేదంటే గేములు తగ్గించుకోండి, విశ్లేషణ తగ్గించుకోవద్దు.

కాలిక్యులేషన్: పావులు ముట్టుకోకుండా

ఆన్‌లైన్ పజిల్స్‌లో చాలామంది చేసేది ఊహించడం. క్వీన్ సాక్రిఫైస్ (క్వీన్‌ను కావాలనే ఇచ్చేయడం) కనిపించగానే వేసేసి, పచ్చ టిక్ రాగానే తర్వాతి దానికి వెళ్లిపోతారు. నిజం గేమ్‌లో ఆ పచ్చ టిక్ రాదు.

రోజుకు అరగంట, మీకు కష్టంగా ఉండే రెండు మూడు పొజిషన్లు తీసుకోండి. ఒక్కోదానికి పది నిమిషాలు గడియారం పెట్టండి. ముందు వేయదగ్గ ఎత్తులు రెండు మూడు ఎంచుకోండి. చెక్ ఇచ్చేవి, పావు కొట్టేవి, బెదిరించేవి మొదట చూడాలి. తర్వాత ఒక్కో లైన్‌ను చివరిదాకా, ప్రత్యర్థి గట్టి జవాబులతో సహా రాయండి. దిద్దుకునేటప్పుడు కఠినంగా ఉండండి. మొదటి ఎత్తు సరిగ్గా రాసి, ప్రత్యర్థి గట్టి డిఫెన్స్ చూడకపోతే అది తప్పు కిందే లెక్క.

ఇప్పుడే ఒకటి ప్రయత్నించండి. 1921లో రిచర్డ్ రేటీ కట్టిన పొజిషన్ ఇది, బోర్డు మీద నాలుగే పావులు. తెల్లరాజు హెచ్8లో, తెల్లబంటు సి6లో. నల్లరాజు ఎ6లో, నల్లబంటు హెచ్5లో. ఎత్తు తెలుపుది, డ్రా చేయాలి. కళ్లు మూసుకుని చూడండి. నల్లబంటు పరుగెత్తితే తెల్లరాజు అందుకోలేడు, రెండు అడుగులు వెనకబడి ఉన్నాడు. తెల్లబంటును నల్లరాజు ఎప్పుడంటే అప్పుడు పట్టేస్తాడు. చూడగానే ఓటమి అనిపిస్తుంది. చదవడం ఇక్కడ ఆపి ఐదు నిమిషాలు ఆలోచించి, ఆ తర్వాత కిందికి రండి.

తెల్లరాజు జి7కి దిగుతాడు. బంటు హెచ్4. రాజు ఎఫ్6. ఇప్పుడు బంటు హెచ్3కి పోతే రాజు ఇ7కి వచ్చి తన బంటుకు కాపు కాస్తాడు, ఇద్దరి బంట్లూ క్వీన్ అవుతాయి, డ్రా. అందుకని నల్లరాజు ముందుగా బి6కి వచ్చి సి6 బంటు మీద పడితే? రాజు ఇ5. ఈ ఒక్క గడి నుంచి రాజుకు రెండు దారులున్నాయి. నల్లరాజు బంటును కొడితే తెల్లరాజు ఎఫ్4కి వెళ్తాడు, హెచ్ బంటు ఇక తప్పించుకోలేదు. కొట్టకుండా బంటును హెచ్3కి తోస్తే తెల్లరాజు డి6కి వచ్చి తన బంటును నడిపించుకుంటాడు. ఏటవాలు నడకలో ఒక్క అడుగుతో రెండు పనులు జరుగుతున్నాయి, మొత్తం రహస్యం అంతే.

జవాబు దొరకకపోయినా ఫర్వాలేదు. పావులు కదపకుండా ఎన్ని ఎత్తుల దూరం బొమ్మ చెదరకుండా నిలిచిందో గమనించండి. మూడో ఎత్తు దగ్గర బొమ్మ మసకబారితే మీ సాధన అక్కడి నుంచి మొదలవ్వాలి. తేలిక పొజిషన్లతో నాలుగు ఎత్తుల దూరం, అది స్థిరపడ్డాక ఐదు.

నమూనాలు కంటికి అలవాటు కావాలి

తేలిక పజిల్స్ పనికిరావని కాదు, వాటి పని వేరు. 1973లో చేజ్, సైమన్ అనే పరిశోధకులు నిజం గేముల నుంచి తీసిన పొజిషన్లను ఐదు సెకన్లు చూపించి మళ్లీ పేర్చమన్నారు. మాస్టర్ మిగతావాళ్లకంటే ఎన్నో ఎక్కువ పావులు సరిగ్గా పెట్టాడు. అవే పావులను అడ్డదిడ్డంగా పరిచి చూపిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైపోయింది. అంటే మాస్టర్ ఒక్కో పావును విడిగా గుర్తుపెట్టుకోవడం లేదు. పావుల గుంపులను తెలిసిన ముఖాలు గుర్తుపట్టినట్టు పట్టేస్తున్నాడు.

ఆ గుర్తింపు రావాలంటే కొత్త పజిల్స్ వెంట పరుగెత్తడం కంటే పాతవాటినే తిరగేయడం మంచిది. ఫోర్క్ (ఒక్క పావు ఒకేసారి రెండింటి మీద పడటం), పిన్ (వెనకున్న పావు కోసం ముందుది కదల్లేకపోవడం), డిస్కవర్డ్ ఎటాక్ (ముందున్న పావు జరిగి వెనకదాని దాడికి దారివ్వడం), బ్యాక్ ర్యాంక్ మేట్ (చివరి వరసలో రాజుకు మేట్), డిఫెండర్‌ను తప్పించడం వంటివాటి మీద మూడు నాలుగు వందల తేలిక పజిల్స్ ఎంచుకోండి. మొదటిసారి పూర్తి చేయడానికి నెల పట్టవచ్చు. రెండోసారి రెండు వారాల్లో, మూడోసారి వారంలో పూర్తి చేయండి. మూడోసారికి చూడగానే జవాబు తట్టాలి. తట్టనివి మాత్రం విడిగా రాసి పెట్టుకోండి.

ఎండ్‌గేమ్: కొంచెమే, కానీ పక్కాగా

రాజు, బంటు ఎండింగ్‌లతో మొదలుపెట్టండి. తెల్లరాజు ఇ5లో, బంటు ఇ4లో, నల్లరాజు ఇ7లో ఉంటే, ఎత్తు నలుపుది అయితే తెలుపు గెలుస్తుంది, తెలుపుది అయితే డ్రా. రాజులిద్దరూ ఒక గడి ఎడంతో ఎదురెదురుగా నిలిస్తే ఎత్తు వేయాల్సినవాడే దారివ్వాలి, అపోజిషన్ అంటే ఇదే. తెల్లరాజు ఇ6లో, బంటు ఇ5లో, నల్లరాజు ఇ8లో ఉంటే మాత్రం ఎత్తు ఎవరిదైనా గెలుపే. ఈ రెండు పొజిషన్లనూ కంప్యూటర్‌తో రెండు వైపులా ఆడి, తడబాటు లేకుండా వచ్చేదాకా వదలకండి.

తర్వాత రూక్ ఎండింగ్‌లు. బోర్డు మీద అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి ఇవే. ముందుగా రెండు రావాలి. ఫిలిడోర్ పొజిషన్‌లో మీరు ఒక బంటు తక్కువతో డిఫెండ్ చేస్తున్నారు. మీ రూక్‌ను మీ వైపు నుంచి మూడో వరసలో నిలిపి ప్రత్యర్థి రాజును రానివ్వకండి. అతని బంటు ఆ వరసలోకి అడుగుపెట్టగానే రూక్‌ను బోర్డు అవతలి కొసకు తీసుకెళ్లి వెనక నుంచి చెక్‌లు ఇవ్వండి. లుసేనా పొజిషన్‌లో మీ బంటు ఏడో వరసలో, మీ రాజు దాని ముందు ఎనిమిదో వరసలో ఉన్నారు, ప్రత్యర్థి రాజు పక్కకు తెగిపోయాడు. మీ రూక్‌ను నాలుగో వరసకు తెచ్చి, రాజును బయటికి నడిపించి, చెక్‌లు వచ్చినప్పుడు రూక్‌ను అడ్డం పెట్టండి. వంతెన కట్టడం అంటారు.

సూత్రాలు పట్టుబడ్డాక గొప్పవాళ్ల ఎండింగ్‌లు చూడండి. 1924 న్యూయార్క్ టోర్నమెంట్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకా, టార్టాకోవర్ మీద ఆడిన రూక్ ఎండింగ్ ఒక్కటి చాలు. కాపాబ్లాంకా తన రెండు బంట్లను చెక్‌తో సహా కొట్టనిచ్చి, ఆలోగా రాజును ఎఫ్6 దాకా నడిపించాడు. ఆ రాజు, ముందుకొచ్చిన జి బంటు, ఏడో వరసలో రూక్ కలిసేసరికి నల్లరాజుకు ఊపిరాడలేదు. ఎండ్‌గేమ్‌లో చురుకైన రాజు ముందు బంట్ల లెక్క ఎంత చిన్నదో ఆ గేమ్ చూస్తే బోధపడుతుంది. ఏడు పావుల్లోపు పొజిషన్ వస్తే లిచెస్ అనే చెస్ సైట్‌లోని టేబుల్‌బేస్ (జవాబులన్నీ ముందే లెక్కగట్టిన పట్టిక) కచ్చితమైన జవాబు ఇస్తుంది. మీ జవాబు రాసుకున్నాకే అడగండి.

మాస్టర్ గేములు చదివే తీరు

గేమ్ తీసుకుని గెలిచినవాడి వైపు కూర్చోండి. ఎత్తుల మీద కాగితం కప్పి, ఓపెనింగ్ దాటాక ఒక్కో ఎత్తూ మీరే చెప్పి, కాగితం కిందికి జరపండి. తేడా వచ్చిన చోట ఆగి, అతనికి కనిపించి మీకు కనిపించనిదేమిటో వెతకండి. గంటకు ఒక గేమ్ అయితే చాలు. ఒకే ఆటగాడి గేములు వరసగా తీసుకుంటే ఆలోచన తీరు పట్టుబడుతుంది. పొజిషన్ ఎలా మెరుగుపడుతుందో తేటగా కనిపించే కాపాబ్లాంకాతో మొదలుపెట్టమని నా సలహా.

ఓపెనింగ్ సంగతి

దీని మీద ఎంత టైమ్ పోతుందో చూస్తే బాధేస్తుంది. తెల్లపావులతో ఒకటి, ఇ4కి జవాబుగా ఒకటి, డి4కి జవాబుగా ఒకటి. కనీసం ఏడాది పాటు మార్చకండి. మార్చిన ప్రతిసారీ అప్పటిదాకా వచ్చిన అనుభవం సగం పోతుంది.

ఎత్తులు బట్టీ పట్టకుండా, ఆ ఓపెనింగ్‌లోంచి వచ్చే బంట్ల అమరిక నేర్చుకోండి. క్వీన్స్ గాంబిట్ ఎక్స్ఛేంజ్ వేరియేషన్ చూడండి. తెలుపు సి బంటుతో డి5ను కొట్టి, నలుపు ఇ బంటుతో తిరిగి కొడితే, క్వీన్ వైపు తెలుపుకు ఎ, బి బంట్లు, నలుపుకు ఎ, బి, సి బంట్లు మిగులుతాయి. తక్కువ బంట్లున్న తెలుపే అక్కడ దాడి చేస్తుంది. బి బంటును బి5 దాకా తోసి, సి6 దగ్గర మార్పిడి చేస్తే, నలుపుకు సి6లో బలహీనమైన బంటు ఒకటి మిగిలిపోతుంది, తెలుపు రూక్‌లు సి నిలువు వరసలో దాని మీద కూర్చుంటాయి. నలుపు ఊరుకోకుండా నైట్‌ను ఇ4లోకి దింపి రాజు వైపు దాడికి వెళ్తుంది. ఈ కథ తెలిసినవాడు పదో ఎత్తు తర్వాత లైన్ మర్చిపోయినా దారి తప్పడు.

ప్రతి గేమ్ తర్వాత, తెలిసిన దారి ఎక్కడ ఆగిపోయిందో చూసి, అక్కడికి ఒక్క ఎత్తు చేర్చుకోండి. మీ ఓపెనింగ్ నోట్స్ దానంతట అదే పెరుగుతుంది.

బోర్డు దగ్గర

ప్రత్యర్థి ఎత్తు వేయగానే మొదటి ప్రశ్న: ఈ ఎత్తుతో ఏం మారింది, తర్వాత ఏం చేయాలని చూస్తున్నాడు? మీ ఎత్తు తేలాక చివరి ప్రశ్న: ఇది వేసేశాననుకుంటే అతని చెక్‌లేంటి, కొట్టేవేంటి? ఈ రెండో ప్రశ్నకు పది సెకన్లు చాలు. గెలుస్తున్న గేముల్లో దీన్ని మరీ గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే అప్పుడే మనసు జారుతుంది. వెనకటికి ముందు ఎత్తు రాసుకుని, చూసుకుని, తర్వాత వేయమనేవారు. ఇప్పుడు ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నిబంధనల ప్రకారం ఎత్తు వేశాకే రాయాలి. కాబట్టి ఆ తనిఖీ తలలోనే జరగాలి. తాకిన పావునే ఆడాలి గనక తేలేదాకా చేతులు టేబుల్ కిందే ఉంచుకోండి.

స్కోర్‌షీట్ మీద ఎత్తు పక్కన మిగిలిన టైమ్ కూడా రాయండి. పది గేములయ్యాక చూస్తే టైమ్ ఎక్కడ పోతోందో తెలిసిపోతుంది. చాలాసార్లు అది కష్టమైన పొజిషన్‌లో పోదు. రెండు మంచి ఎత్తుల మధ్య ఊగిసలాడుతూ పోతుంది. తేడా తేలకపోతే ఒకటి వేసేయండి.

హాల్లో గోల, ఎదుటివాడి కాలి ఊపు, పెన్ను చప్పుడు చికాకు పెడుతుంటే దానికీ సాధన ఉంది. పొగ పడని బోత్విన్నిక్ సాధన గేముల్లో తోటి ఆటగాడు రాగోజిన్‌ను ఎదురుగా కూర్చోబెట్టి పొగ తాగించేవాడట. మీకు అంత అవసరం లేదు, టీవీ నడుస్తున్న గదిలో పజిల్స్ చేస్తే చాలు.

ఎవరితో ఆడాలి, రేటింగ్‌ను ఎలా చూడాలి

మీకంటే నూరు, రెండు వందల పాయింట్లు పైనున్నవాళ్లు దొరికే సెక్షన్‌లో ఆడండి. రెండు వందల తేడా ఉంటే ఎలో అనే రేటింగ్ పద్ధతి లెక్క ప్రకారం మీకు రావాల్సింది నాలుగు గేములకు దాదాపు ఒక పాయింట్. మూడు ఓడి ఒకటి గెలిచినా మీరు మీ స్థాయిలో ఆడినట్టే, కుంగిపోనక్కర్లేదు. కొత్తగా ఫిడే రేటింగ్ వచ్చినవాళ్లకు ముప్ఫై గేములదాకా కే ఫ్యాక్టర్ (ఒక్కో ఫలితానికి రేటింగ్ ఎంత మారాలో తేల్చే అంకె) 40, ఆ తర్వాత సాధారణంగా 20. అందుకే మొదట్లో రేటింగ్ ఒక టోర్నమెంట్‌లో ఎగిరి, మరోదాంట్లో పడుతుంది. ఆ ఊపును చూసి ఓపెనింగ్‌లు మార్చకండి, కోచ్‌ను మార్చకండి.

టోర్నమెంట్ మధ్యలో రాత్రి రెండింటిదాకా ప్రిపరేషన్ వద్దు. ఐదో గంటలో లైన్ గుర్తుండటం కంటే తల పనిచేయడం ముఖ్యం. రోజూ నడవడమో పరుగెత్తడమో చేయండి.

వారానికి పది గంటలుంటే

ఒక పెద్ద గేమ్‌కు మూడు గంటలు, దాని విశ్లేషణకు రెండు, కాలిక్యులేషన్‌కు ఐదు రోజులు అరగంట చొప్పున రెండున్నర, ఎండ్‌గేమ్‌కు ఒకటి, మాస్టర్ గేమ్‌కు ఒకటి, ఓపెనింగ్‌కు అరగంట. తేలిక పజిల్స్ ఖాళీ దొరికినప్పుడు ఫోన్‌లో చేసుకోవచ్చు. బ్లిట్జ్ ఆడాలనిపిస్తే మీ ఓపెనింగ్ తడిమి చూడటానికి ఐదారు గేములు ఆడి, ఓపెనింగ్ మటుకు సరిచూసుకుని ఆపేయండి. ఓడిన కోపంలో మరో గేమ్ నొక్కే అలవాటు మాత్రం పెద్ద గేముల్లోకి పాకుతుంది, దాన్ని మొదట్లోనే తుంచేయాలి. కోచ్ ఉంటే ఆ గంటను లెక్చర్‌కు వాడకండి. మీరు రాసిన విశ్లేషణ ముందుపెట్టి తప్పులు పట్టమనండి.

మూడు నెలలయ్యాక కొత్త గేములు తీసి, మొదట చేసిన ఓటముల లెక్క మళ్లీ చేయండి. ఒక్క ఎత్తులో పావు పోగొట్టుకోవడం తగ్గి, ఎండ్‌గేమ్ ఓటములు పైకి వచ్చి ఉండవచ్చు. అది మంచి గుర్తే, అంటే గేములు అంతదాకా వెళ్తున్నాయి. అప్పుడు పట్టికలో ఎండ్‌గేమ్ గంటను రెండు చేయండి, ఓపెనింగ్ అరగంటను తీసేసైనా సరే.